కంకి కాదు, చేను చూడండి: ధాన్యపు పంటల దిగుబడిపై పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో వరి, గోధుమ, మొక్కజొన్న దిగుబడులు గత వందేళ్లలో ఎలా పెరిగాయో క్లుప్తంగా రాశాం. మొక్క లోపల ఏం జరుగుతుందో చదివేవాళ్లూ, కొత్త రకాలు తయారుచేసేవాళ్లూ కలిసి పనిచేస్తే తప్ప ఇకముందు పెద్ద పెరుగుదల కష్టమని అందులో అన్నాం. దానిమీద చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒకేలాంటివి కలిపేసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఏటా చేనంతా తిరిగి అన్నిటికంటే పెద్ద కంకులు ఏరి విత్తనానికి ఉంచుకుంటున్నాను. అయినా దిగుబడి పెరగడం లేదు. ఎందుకని? (ఒక రైతు)

జవాబు: మీ శ్రమలో లోపం లేదండీ. పెద్ద కంకి అనే గుర్తునే మనం మరీ ఎక్కువగా నమ్ముతాం. వరి, గోధుమ తమ పుప్పొడితో తామే గింజ కట్టే పంటలు. అందుకని స్థిరపడిన రకం వేసిన చేలో మొక్కలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకటే. అందులో ఒక కంకి పెద్దదైందంటే దాని పక్కన ఖాళీ ఉండి ఉంటుంది, లేదా గట్టు పక్కన వెలుతురు బాగా తగిలి ఉంటుంది, లేదా అక్కడ ఎరువు కాస్త ఎక్కువ పడి ఉంటుంది. ఆ కలిసొచ్చిన పరిస్థితి విత్తనంలోకి రాదు. డెన్మార్క్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ యొహాన్సెన్ 1903లోనే బీన్స్ గింజలతో ఈ సంగతి తేల్చాడు: ఒకే మొక్క సంతానంలోంచి పెద్ద గింజ ఏరి వేసినా, చిన్న గింజ ఏరి వేసినా వచ్చే పంటలో సగటు గింజ బరువు ఒకటే.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. రకరకాల మొక్కలు కలిసి ఉన్నచోట అన్నిటికంటే ఏపుగా ఉన్న మొక్క చాలాసార్లు పక్కవాటి వెలుతురునీ నీళ్లనీ లాక్కుని అలా పెరిగి ఉంటుంది. చేనంతా అలాంటి మొక్కలే వేస్తే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి, చివరికి మొత్తం గింజ తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ బృందం 1960లలో పొడుగు, పొట్టి వరి రకాలు కలిపి వేసి చూసింది. విడిగా వేస్తే ఎక్కువ దిగుబడి ఇచ్చే పొట్టి రకాలు ఆ మిశ్రమంలో కొన్ని పంటలకే దాదాపు కనిపించకుండా పోయాయి! ఆ ఫలితాలు వచ్చిన 1968లోనే ఆస్ట్రేలియాలో కోలిన్ డొనాల్డ్ అనే శాస్త్రవేత్త ఒక ప్రతిపాదన చేశాడు. పంట మొక్క బలహీనమైన పోటీదారుగా ఉండాలని, పక్కవాటిని ఇబ్బంది పెట్టకుండా తన చోటులో తాను గింజ పండించేలా మొక్క రూపాన్ని ముందే గీసుకుని దానికోసం సంకరణాలు చెయ్యాలని, అంటే వేర్వేరు రకాల్ని కలిపి కొత్తవి పుట్టించాలని ఆయన అన్నాడు.

మొక్కజొన్న చరిత్ర చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. అమెరికాలో 1930లలో హెక్టారుకి సుమారు ఒకటిన్నర టన్నులున్న సగటు ఇప్పుడు 11 టన్నుల దగ్గర ఉంది. దూరదూరంగా వేసి ఒక్కో మొక్క ఎంత ఇస్తుందో కొలిస్తే మాత్రం పాత హైబ్రిడ్‌కీ కొత్త హైబ్రిడ్‌కీ తేడా చాలా తక్కువ. అప్పుడు హెక్టారుకి 30 వేల మొక్కలు వేసేవాళ్లు, ఇప్పుడు 80 వేల దాకా వేస్తున్నారు. పాత రకాన్ని అంత ఒత్తుగా వేస్తే చాలా మొక్కలకి అసలు కండే రాదు. కొత్తవి ఆ ఇరుకుని తట్టుకుంటాయి, ఆకులు నిక్కబొడుచుకుని ఉంటాయి, పైన పుప్పొడినిచ్చే జల్లు చిన్నగా ఉంటుంది. ఎరువులు, కలుపు నివారణ పాత్ర కూడా ఉందనుకోండి. కానీ విత్తనంలో వచ్చిన మార్పు ఎక్కువగా ఈ ఓర్పే.

కాబట్టి మీరు విత్తనం ఏరడం మానొద్దు. కేళీలు (చేలో కలిసిన వేరే రకం మొక్కలు) తీసెయ్యండి, తెగులు లేని నిండు గింజ ఉంచుకోండి. విత్తనం స్వచ్ఛంగా ఉండటానికి అది చాలా అవసరం. కాకపోతే దాంతో రకం సామర్థ్యం పెరుగుతుందని ఎదురుచూడకండి. కొత్త సామర్థ్యం కావాలంటే వేరే రకంతో సంకరణం చేసి, వచ్చిన సంతానాన్ని విడివిడి మొక్కలుగా కాకుండా మడులుగా వేసి పోల్చాలి.

ప్రశ్న: పొట్టి మొక్కకి ఆకు తక్కువ, బలం తక్కువ కదా. మరి పొట్టి రకాలు వచ్చాకే దిగుబడి పెరిగిందంటారేమిటి?

జవాబు: పొడుగు రకం చూడ్డానికి బలంగా ఉంటుంది, కాదనను. కానీ మనకు కావలసింది గింజ. నేలపైన పెరిగిన మొత్తం ఎండు బరువులో గింజ వాటా ఎంతో చెప్పే లెక్కని హార్వెస్ట్ ఇండెక్స్ అంటారు. పాత పొడుగు రకాల్లో అది 0.3 దగ్గర ఉండేది. అంటే కిలో బరువు పెరిగితే 300 గ్రాములు గింజ, మిగతాది గడ్డి. ఇప్పటి మంచి రకాల్లో అది 0.5 దాకా వచ్చింది. మొత్తం బరువు అంతగా పెరగకపోయినా అందులో గింజకి వెళ్లే వాటా పెరిగింది. హరిత విప్లవంలో మొక్క లోపల జరిగిన అసలు మార్పు ఇదే.

అదెలా జరిగిందో కాస్త వివరంగా చెప్తాను. పొడుగు మొక్కకి నత్రజని వేస్తే ఇంకా సాగి, కంకి బరువెక్కగానే గాలివానకి పడిపోతుంది. పడిన చేలో ఆకులు ఒకదానిమీద ఒకటి పడి వెలుతురు అందదు, గింజ సగంలో ఆగిపోతుంది. పొట్టి కాండం నిలబడుతుంది కాబట్టి ఎరువు ధైర్యంగా వెయ్యొచ్చు. ఇది చాలామందికి తెలుసు. అంతగా చెప్పుకోనిది, నాకు మాత్రం ఎక్కువ ఆసక్తిగా అనిపించేది ఇంకొకటుంది. గోధుమలో కాండం వేగంగా సాగే రోజులూ, దాని లోపల కంకి పెరిగే రోజులూ ఒకటే. రెండూ ఒకే చక్కెర కోసం పోటీపడతాయి. కాండం తక్కువ తీసుకుంటే కంకికి ఎక్కువ మిగులుతుంది. మామూలుగా ఎండిపోవాల్సిన చిన్న పువ్వులు అప్పుడు బతికి గింజలవుతాయి.

ఆ పొట్టితనం ఎక్కడినుంచి వచ్చిందంటే, గోధుమలో జపాన్ రకం నోరిన్ 10 నుంచి. గోంజిరో ఇనజుకా తయారుచేసిన ఆ రకం 1935లో విడుదలైంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 1946లో సెసిల్ సాల్మన్ దాని విత్తనం అమెరికాకి పంపాడు. అక్కడ ఆర్విల్ వోగెల్ దానితో సంకరణాలు చేశాడు, ఆయన దగ్గర్నుంచి అది మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ చేతికి వచ్చింది. వరిలో తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌ని ఇండోనేసియా పొడుగు రకం పేటాతో 1962లో కలిపారు. మొదటి తరం మొక్కలన్నీ పొడుగే. రెండో తరంలో వచ్చిన సుమారు పదివేల మొక్కల్లో నాలుగో వంతు పొట్టివి, అంటే ఒకే ఒక్క అంతర్గత జన్యువు (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది) పని అన్నమాట. అందులోంచి 288వ వరుసలో మూడో మొక్క సంతానమే 1966లో ఐఆర్8గా విడుదలైంది.

ఈ రెండు పొట్టితనాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి, లోపల వేరు. జిబ్బరెల్లిన్ అనేది కాండాన్ని సాగదీసే హార్మోన్. వరిలోని పొట్టి జన్యువు ఆ హార్మోన్ తయారీనే తగ్గిస్తుంది, ఈ సంగతి 2002లో తేలింది. గోధుమలో హార్మోన్ తయారవుతుంది గానీ మొక్క దానికి అంతగా స్పందించదు, అది 1999లో తెలిసింది. అంటే బ్రీడర్లు (కొత్త రకాలు తయారుచేసేవాళ్లు) కంటితో చూసి ఎంచుకున్నదానికి కారణం తెలియడానికి ముప్పై ఏళ్లకి పైగా పట్టింది. ఇకముందు అంత తీరిక లేదని నా అభిప్రాయం. ఎందుకంటే హార్వెస్ట్ ఇండెక్స్ 0.6 దాటడం కష్టమని అంచనా. కాండం, ఆకులు లేకుండా కంకి నిలబడదు కదా. ఆ దారిలో మిగిలింది కొంచెమే. ఇక పెంచాల్సింది మొత్తం బరువుని.

ప్రశ్న: మొత్తం బరువు పెరగాలంటే కిరణజన్య సంయోగక్రియ పెంచితే చాలు కదా? దానిమీద ఇన్నేళ్ల నుంచి పరిశోధన జరుగుతున్నా రైతుకి చేరినట్టు కనబడదు, కారణం ఏమిటి? (వృక్షశాస్త్ర విద్యార్థిని)

జవాబు: చాలా మంచి ప్రశ్న అమ్మా, దీనికి కొంచెం పొడుగ్గానే చెప్పాలి.

ముందు లెక్క చూద్దాం. ఆకుమీద పడిన సూర్యశక్తిలో గరిష్ఠంగా ఎంత మొక్క బరువుగా మారగలదంటే, వరి, గోధుమ లాంటి సి3 పంటల్లో సుమారు 4.6 శాతం, మొక్కజొన్న, జొన్న, సజ్జ లాంటి సి4 పంటల్లో 6 శాతం. ఇది కాగితం మీది పైహద్దు, పొలంలో దానికి చాలా దూరంలో ఉంటాం. ఈ దూరానికి ఒక పెద్ద కారణం రుబిస్కో అనే ఎంజైమ్. గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునేది అదే. చాలా నెమ్మది, సెకనుకి మూడు నాలుగు అణువులకి మించి పట్టదు. పైగా నాలుగైదు సార్లకి ఒకసారి కార్బన్ డయాక్సైడ్ బదులు ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. ఆ పొరపాటుని సరిచేసుకునే పని కాంతి శ్వాసక్రియ, అందులో అప్పటికే పట్టుకున్న కార్బన్ కొంత తిరిగి గాల్లోకి పోతుంది. వేడి పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. సి4 మొక్కలు ముందు కార్బన్ డయాక్సైడ్‌ని వేరే కణాల్లో పట్టి, రుబిస్కో ఉన్న కణాల్లోకి ఒత్తిడితో పంపుతాయి, అక్కడ ఆక్సిజన్‌కి అవకాశం తక్కువ. ఈ దారిని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ వివరించారు. వరిని సి4గా మార్చాలని అంతర్జాతీయ బృందమొకటి ఏళ్ల తరబడి పనిచేస్తోంది. ఎంజైములు పెట్టడం ఒక ఎత్తైతే ఆకు నిర్మాణాన్నే మార్చడం ఇంకో ఎత్తు, అందుకే అది ఇంకా ప్రయోగశాల దశలోనే ఉంది.

రెండో కారణం వెలుతురు పంపకం. మధ్యాహ్నం పై ఆకుకి తాను వాడుకోగలిగినదానికంటే ఎక్కువ ఎండ పడుతుంది, కింది ఆకులు నీడలో ఆకలితో ఉంటాయి. పై ఆకులు నిటారుగా ఉంటే ఎండ కిందికి జారి నలుగురికీ అందుతుంది. బ్రీడర్లు ఈ పని ఇప్పటికే చాలా బాగా చేశారు. ఇంకో చిన్న నష్టం ఉంది: ఎండ ఎక్కువైనప్పుడు ఆకు అదనపు శక్తిని వేడిగా వదిలేసి తనను కాపాడుకుంటుంది. మబ్బు అడ్డం వచ్చాక కూడా ఆ కాపుదల వెంటనే ఆగదు, నిమిషాలు పడుతుంది. చేలో నీడలు రోజంతా కదులుతూనే ఉంటాయి కాబట్టి ఆ నిమిషాలన్నీ కలిస్తే పెద్ద మొత్తమే అవుతుంది. 2016లో పొగాకులో మూడు జన్యువుల మోతాదు పెంచి ఆ ఆలస్యం తగ్గిస్తే మొక్క బరువు 15 శాతం దాకా పెరిగింది.

మరి రైతుకి ఎందుకు చేరలేదు? ఒక వాదన ఏమిటంటే, ఆకులో వేగం పెంచినా దాన్ని దాచుకునే చోటు, అంటే గింజల సంఖ్య, పెరగకపోతే లాభం లేదని. అందులో కొంత నిజముంది. కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. చేనుచుట్టూ గొట్టాలు పెట్టి ఆరుబయట కార్బన్ డయాక్సైడ్ పెంచి చేసిన ప్రయోగాల్లో వరి, గోధుమ దిగుబడి పది శాతానికి పైగా పెరిగింది. అంటే ఆకు ఎక్కువ పనిచేస్తే గింజ పెరుగుతుందనే కదా. ఇంకో రుజువు మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ కేంద్రం నుంచి వచ్చింది. అక్కడ 1962 నుంచి 1988 దాకా విడుదలైన ఎనిమిది గోధుమ రకాల్ని పక్కపక్కన వేసి కొలిచారు. కొత్త రకాల దిగుబడి 27 శాతం ఎక్కువ. వాటి పత్రరంధ్రాల గుండా గాలి, ఆవిరి వెళ్లే సౌలభ్యం 63 శాతం, ఆకులో కిరణజన్య సంయోగక్రియ గరిష్ఠ వేగం 23 శాతం పెరిగాయి, చేను 0.6 డిగ్రీలు చల్లగా ఉంది. బ్రీడర్లు ఇవేవీ కొలవలేదు, దిగుబడి చూసి ఎంచుకున్నారంతే. తమకి తెలియకుండానే మొక్క శరీరధర్మాన్ని, అంటే లోపలి పనితీరుని మార్చేశారు. తెలిసి చేస్తే ఇంకెంత చెయ్యొచ్చో ఆలోచించండి.

ప్రశ్న: గింజల సంఖ్య ఏ దశలో నిర్ణయమవుతుంది? గింజలు ఎక్కువగా పట్టే జన్యువు పెడితే సరిపోదా?

జవాబు: పూత వచ్చాక కాదు, అంతకంటే ముందే. గోధుమలో పూతకి ముందు ఇరవై ముప్పై రోజులు, వరిలో చిరుపొట్ట దశ (కాండం లోపల వెన్ను మొదలయ్యే దశ) నుంచి పూత దాకా అసలు కీలకం. ఆ రోజుల్లో ఎండ బాగుండి, వాతావరణం చల్లగా ఉంటే ఎక్కువ పువ్వులు నిలుస్తాయి. మబ్బు పట్టినా, వేడి ఎక్కువై ఆ దశ తొందరగా గడిచిపోయినా పువ్వులు రాలిపోతాయి.

జన్యువు విషయానికొస్తే, 2005లో జపాన్ శాస్త్రవేత్తలు వరిలో ఒకటి కనిపెట్టారు. సైటోకైనిన్ అనే హార్మోన్‌ని విరిచేసే ఎంజైమ్‌కి సంబంధించినది అది. ఆ ఎంజైమ్ తగ్గితే హార్మోన్ పేరుకుని వెన్నులో గింజలు పెరుగుతాయి. బ్రీడింగ్‌లో ఇది బాగా ఉపయోగపడే జన్యువే. అయితే గింజ పట్టడం వేరు, నిండటం వేరు. ఈ తేడాని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కూడా చాలా కష్టపడే నేర్చుకుంది. 1989లో అక్కడ కొత్త ఆకారపు వరి కోసం పని మొదలుపెట్టారు: పిలకలు తక్కువ, ఉన్న ప్రతి పిలకకీ 200కి పైగా గింజల పెద్ద వెన్ను. చూడ్డానికి మొక్కలు అద్భుతంగా వచ్చాయి. దిగుబడి మాత్రం రాలేదు. వెన్ను కింది భాగంలో గింజలు సగం తాలు, మొత్తం బరువూ తక్కువే. తర్వాత మామూలు మంచి రకాలతో మళ్లీ కలిపి, పిలకలు కొంచెం పెంచి, వెన్ను కొంచెం తగ్గించాకే పరిస్థితి మెరుగైంది. వెన్నులో పైన ఉన్న గింజలు ముందు పూసి ముందు నిండుతాయి, కింద ఆలస్యంగా పూసినవాటికి చక్కెర అందేసరికి అవి పెరిగే శక్తి తగ్గిపోతుంది. ఆ కింది గింజల్ని ఎలా నింపాలన్నది ఇప్పటికీ వరి శరీరధర్మంలో పెద్ద ప్రశ్న.

ప్రశ్న: మొక్కజొన్నలో అంతా హైబ్రిడ్ విత్తనమే. గోధుమలో ఎందుకు లేదు?

జవాబు: మొక్కజొన్నలో జల్లు పైన, కండె పక్కన. జల్లు కోసేస్తే తల్లి వరుస సిద్ధం, గాలే పుప్పొడి మోస్తుంది. గోధుమ పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఒకే పొట్టులో ఉంటాయి, పుప్పొడి దూరం పోదు, ఎక్కువసేపు బతకదు. విత్తనం తయారీ ఖర్చు పెరుగుతుంది, వచ్చే లాభం పది శాతం దగ్గరే. వరి కూడా అలాంటి పంటే గానీ, 1970లో చైనాలోని హైనాన్ దీవిలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి పుప్పొడి పనిచేయని అడవి వరి మొక్క దొరకడంతో దారి తెరుచుకుంది. 1976 నుంచి అక్కడ హైబ్రిడ్ వరి పెద్ద ఎత్తున వేస్తున్నారు, మామూలు రకాల కంటే 15 నుంచి 20 శాతం ఎక్కువ వస్తుంది.

ప్రశ్న: నీళ్లు తక్కువ, ఎండలు ఎక్కువ. దిగుబడి పెంచడం సంగతి తర్వాత, ఉన్నది నిలబెట్టుకునే రకాలు చెయ్యగలరా?

జవాబు: చెయ్యగలరు, కొన్ని చేశారు కూడా. శరీరధర్మం, బ్రీడింగ్ నిజంగా చేయి కలిపింది ఇక్కడే అని నేననుకుంటాను.

గోధుమ ఉదాహరణ చూడండి. గాల్లో కార్బన్ రెండు బరువుల్లో ఉంటుంది, 12, 13. రుబిస్కోకి తేలికైన 12 అంటే ఇష్టం. పత్రరంధ్రాలు బిగించుకుని నీళ్లు పొదుపుగా వాడే మొక్క ఆకు లోపల కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉంటుంది, ఏరుకునే వీలు తగ్గుతుంది కాబట్టి 13 కూడా ఎక్కువగా చేరుతుంది. అంటే చిటికెడు ఎండు ఆకులో ఈ నిష్పత్తి కొలిస్తే ఆ మొక్క తన జీవితమంతా నీళ్లు ఎలా వాడిందో తెలిసిపోతుంది! ఆస్ట్రేలియాలో ఫర్క్యూహర్, రిచర్డ్స్ 1984లో దీన్ని గోధుమలో చూపించారు, ఆ గుర్తుతో ఎంచుకుంటూ పోయి 2002లో డ్రైస్‌డేల్ అనే రకం విడుదల చేశారు. ఇందాక మెక్సికో గోధుమల్లో రంధ్రాలు బాగా తెరుచుకున్నవే ఎక్కువ పండాయని చెప్పాను, ఇక్కడేమో బిగించుకున్నవి మేలంటున్నాను. రెండూ నిజమే. అక్కడ సాగునీరు పుష్కలం, ఇక్కడ వాన మీద ఆధారం. ఒకే లక్షణం ఒకచోట వరం, ఇంకోచోట నష్టం. ఏ నేలకి, ఏ నీటికి అన్నది చెప్పకుండా మంచి రకం అనే మాటకి అర్థం లేదు.

మొక్కజొన్నలో కరువు మొదట దెబ్బకొట్టేది కండె చివర పుప్పొడిని అందుకునే పీచుని. జల్లు నుంచి పుప్పొడి సమయానికి రాలుతుంది, పీచు మాత్రం నీళ్లు లేక ఆలస్యంగా బయటికొస్తుంది, అప్పటికి పుప్పొడి అయిపోతుంది. ఈ రెండిటి మధ్య రోజుల తేడా తక్కువగా ఉన్న మొక్కల్నే కరువులో ఎంచుకుంటూ పోతే కరువు దిగుబడి పెరుగుతుందని మెక్సికో కేంద్రంలో నిరూపించారు, ఆఫ్రికాకి తయారుచేసిన కరువు రకాల వెనక ఈ పనుంది. రోజులు లెక్కపెట్టడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదని గమనించండి.

వేడి విషయంలో వరికి గండం పూత గంటల్లోనే. 35 డిగ్రీలు దాటిన ఎండలో ఒక గంట ఉన్నా పువ్వు తాలుగా మిగలొచ్చు. అందుకే పొద్దున్నే, ఎండ ముదరకముందే పూసే గుణాన్ని అడవి వరి నుంచి తెచ్చి సాగు రకాల్లో పెడుతున్నారు. రాత్రి వేడి మరీ మోసం చేస్తుంది, పైకి ఏమీ కనిపించదు. ఫిలిప్పీన్స్‌లో 1992 నుంచి 2003 దాకా నమోదైన లెక్కల్లో, వేసవి పంటకి రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం తగ్గినట్టు తేలింది. రాత్రి శ్వాసక్రియలో చక్కెర ఎక్కువ ఖర్చవడం ఒక కారణమని భావిస్తున్నారు. ముంపు సంగతి వేరు: ఒడిశా పాత రకం ఎఫ్ఆర్13ఎ నుంచి వచ్చిన సబ్1 జన్యువు మునిగిన మొక్కని ఎదగకుండా ఆపి శక్తి దాచుకునేలా చేస్తుంది, రెండు వారాల దాకా మునిగినా నీళ్లు తీశాక మళ్లీ లేస్తుంది. 2009లో స్వర్ణ-సబ్1 విడుదలైంది. స్వర్ణలో మిగతా గుణాలేవీ మారకుండా ఆ ఒక్కటీ చేర్చడం నిజంగా మెచ్చుకోవాల్సిన పని.

ప్రశ్న: ఒక్క జన్యువు మార్చి దిగుబడి 30, 40 శాతం పెంచారని తరచూ వార్తలొస్తాయి. నమ్మొచ్చా?

జవాబు: జన్యువు పనిచేస్తుందన్నంత వరకు నమ్మండి, శాతాన్ని మాత్రం వెంటనే నమ్మకండి. కుండీలో కొలిచారా, పొలంలోనా? దిగుబడి ఒక్కో మొక్కకి చెప్పారా, హెక్టారుకి చెప్పారా? దేనితో పోల్చారు, రైతులు ఇప్పుడు వేస్తున్న మంచి రకంతోనా, ప్రయోగశాలలో వాడే పాత రకంతోనా? ఎన్ని చోట్ల, ఎన్ని ఏళ్లు? వార్తలో ఇవి లేకపోతే ఎదురుచూడటమే మేలు. పైన పొగాకులో చెప్పిన పనినే 2022లో సోయాలో చేశారు. మొదటి ఏడాది పొలంలో దిగుబడి బాగా పెరిగింది, రెండో ఏడాది చేను పడిపోవడంతో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. శాస్త్రవేత్తలు ఆ రెండో ఏడాదిని దాచలేదు, వాళ్ల నిజాయితీకి నా నమస్కారం. వార్తల్లో మాత్రం మొదటి ఏడాదే మిగిలింది.

ప్రశ్న: కొత్త రకం రావడానికి పదేళ్లు ఎందుకు పడుతుంది? తగ్గించే దారి లేదా?

జవాబు: సంకరణం చేశాక సంతానం స్థిరపడటానికే ఐదారు తరాలు కావాలి, తర్వాత చాలాచోట్ల, చాలా ఏళ్లు పరీక్షించాలి. మొదటి భాగం తగ్గించొచ్చు. బోర్లాగ్ 1940లలోనే మెక్సికోలో చలికాలం పంట ఉత్తరాన సొనోరాలో, వేసవి పంట ఎత్తైన టొలూకాలో వేసి ఏడాదికి రెండు తరాలు తీశాడు. అప్పట్లో చాలామంది వద్దన్నారు. పగటి నిడివి వేరుగా ఉన్న రెండు చోట్లా బతికినవే మిగిలాయి కాబట్టి ఆ రకాలు ఎక్కడ వేసినా పండేవిగా తయారయ్యాయి, అది ఆయన ముందు అనుకున్నది కాదు. ఇప్పుడు గదిలో రోజుకి 22 గంటలు వెలుతురిచ్చి గోధుమలో ఏడాదికి ఆరు తరాల దాకా తీస్తున్నారు.

ఎంపికని కూడా ముందుకు జరిపారు. వేల మొక్కల డీఎన్ఏ గుర్తులూ దిగుబడులూ కలిపి కంప్యూటర్‌కి నేర్పిస్తే, ఇంకా పూత కూడా రాని మొక్క ఎంత పండగలదో అంచనా వేస్తుంది. జీనోమిక్ సెలెక్షన్ అనే ఈ పద్ధతిని 2001లో మ్యూవిసెన్, హేస్, గోడార్డ్ ప్రతిపాదించారు. అంచనా బాగుండాలంటే కంప్యూటర్‌కి ఇచ్చే పొలం లెక్కలు బాగుండాలి. అందుకే పొలంలో ఓపిగ్గా కొలిచేవాళ్ల అవసరం తగ్గలేదు, పెరిగింది. క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో, మొక్కలో ఉన్న జన్యువునే కోరినచోట మార్చొచ్చు, అది చాలా వేగం. కానీ దేన్ని మార్చాలో చెప్పాల్సింది శరీరధర్మమే. చివరి పరీక్షల్ని మాత్రం తగ్గించకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక చెడ్డ ఏడాది చూడని రకాన్ని రైతు చేతిలో పెట్టడం అన్యాయం.

ప్రశ్న: దిగుబడి పెరిగితే ఎరువు ఎక్కువ కావాలి, గింజలో పోషకాలు తగ్గుతాయి అంటారు. నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే. ప్రపంచం మొత్తం మీద ధాన్యపు పంటలకి వేసిన నత్రజనిలో మూడో వంతే గింజలోకి చేరుతోందని 1999లో లెక్కగట్టారు. పొట్టి జన్యువులకి ఇందులో కొంత భాగముంది, అవి కాండాన్ని ఆపే దారిలోనే నత్రజని తీసుకునే శక్తినీ తగ్గిస్తాయి. 2018లో చైనా శాస్త్రవేత్తలు జీఆర్ఎఫ్4 అనే జన్యువు మోతాదు పెంచితే మొక్క పొట్టిగా ఉంటూనే నత్రజని బాగా లాక్కుంటుందని వరిలో, గోధుమలో చూపించారు. నా దృష్టిలో ఈ మధ్య వచ్చినవాటిలో చాలా విలువైన పని ఇది, ఎందుకంటే తక్కువ ఎరువుతో అంతే దిగుబడి వస్తే నేలకీ నీటికీ కూడా మేలు.

మాంసకృత్తుల విషయంలో చిక్కు ఇంకా గట్టిది. ఆకు ఎక్కువ రోజులు పచ్చగా ఉంటే పిండిపదార్థం ఎక్కువ చేరుతుంది, ఆకు తొందరగా పండితే అందులోని నత్రజని (మాంసకృత్తులకి కావలసింది అదే), జింకు, ఇనుము గింజలోకి దిగుతాయి. అడవి గోధుమలో ఆకుని తొందరగా పండించే జన్యువొకటి ఉందనీ, ఇప్పటి సాగు గోధుమల్లో అది ఎక్కువగా పనిచేయకుండా పోయిందనీ 2006లో తెలిసింది. రెండూ ఒకేసారి కావాలంటే పూతకి ముందే ఎక్కువ నత్రజని దాచుకునే మొక్క కావాలి.

ప్రశ్న: మా కాలేజీలో ఖరీదైన పరికరాలు లేవు. రెండు మూడు రకాల్ని పోల్చాలంటే ఏం కొలవాలి? (వ్యవసాయ డిగ్రీ విద్యార్థి)

జవాబు: తక్కెడ, టేపు, ఓపిక ఉంటే చాలు బాబూ. ప్రతి మడిలో చదరపు మీటరు గుర్తుపెట్టి అందులో కంకులెన్నో లెక్కపెట్టు, ఒక్కో కంకిలో నిండు గింజలూ తాలు గింజలూ విడిగా లెక్కించు, వెయ్యి గింజల బరువు తియ్యి. నేలకి దగ్గరగా కోసి మొత్తం ఎండు బరువు, గింజ బరువు తూచితే హార్వెస్ట్ ఇండెక్స్ వస్తుంది. దీంతో ఒక రకం ఎక్కువ పండిందంటే కంకుల వల్లనా, గింజల సంఖ్య వల్లనా, గింజ బరువు వల్లనా అన్నది తేలుతుంది. పూత తేదీ తప్పకుండా రాసుకో, రెండు రకాల మధ్య తేడాలో సగం కథ అక్కడే ఉంటుంది. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దొరికితే మబ్బులేని మధ్యాహ్నం, గాలి తక్కువున్నప్పుడు ప్రతి మడి ఉష్ణోగ్రతా చూడు. నీళ్లు సమంగా పెట్టిన చేలో చల్లగా ఉన్న మడి ఆకులు బాగా పనిచేస్తున్నట్టు. ఒక్కో రకాన్ని కనీసం మూడు మడుల్లో, వరుస మార్చి వెయ్యి. తూచేముందు గింజల్లో తేమ అన్నిటికీ ఒకే స్థాయికి వచ్చేదాకా ఆరబెట్టు, లేకపోతే ఆలస్యంగా కోసిన రకానికీ ముందు కోసినదానికీ ఉన్న తేడా అంతా నీళ్ల బరువే కావచ్చు.